గోడకు పధ్నాలుగు మేకులు

దక్షిణ ఢిల్లీలో పేరు చివర ‘సరాయ్’ అని ఉన్న ఊళ్ళు అనేకం కనిపిస్తాయి. కట్వారియా సరాయ్, జియా సరాయ్, లాడో సరాయ్, యూసుఫ్ సరాయ్, బేర్ సరాయ్. సరాయ్ అంటే బాటసారులు తల దాచుకొనే సత్రం. బేర్ అంటే హిందీలో రేగు. బేర్ సరాయ్‌ని మన భాషలో చెప్పుకోవాలంటే రేగుచెట్ల సత్రం అనుకోవచ్చు. ఇప్పుడక్కడ రేగుచెట్టు కోసం వెదుక్కోవలసిందే. సత్రం లక్షణం మాత్రం ఆ ఊరిని విడిచిపోలేదు. ఒక వంక జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ఆవరణ, కొద్ది దూరంలో ఐ.ఐ.టి., చుట్టుపక్కల మరికొన్ని విద్యాసంస్థలు ఉండడంవల్ల దేశం నలుమూలల నుండీ చదువుకోసం వచ్చిన పిల్లలు అక్కడ దిగుతూనే ఉంటారు. పాత ప్రశ్నపత్రాల నకళ్ళు అమ్మే దుకాణాలు, సివిల్ సర్వీసు పరీక్షల పుస్తకాలు పేర్చిన అరలు, వాటి నడుమ టీ కొట్లు, వాటికి పైన నాలుగేసి అంతస్తుల ఇరుకు మేడలు. ప్రతి మేడమీదా వరుసగా గదులు. ప్రతి గదిలోనూ ఒక మంచం, ఒక బల్ల, ఎవరో ఒక తల్లిదండ్రుల ఆశ.

ఈ మేడలు ఇంత ఇరుకుగా, ఇంత ఎత్తుగా లేవడానికి ఒక చరిత్ర ఉన్నది. 1908 ప్రాంతంలో రెవెన్యూ అధికారులు గ్రామాలను కొలిచినప్పుడు, సాగుభూమిని వేరుచేసి చూపేందుకు జనావాసాల చుట్టూ పటం మీద ఎర్రగీత గీశారు. దానికే ‘లాల్ డోరా’, అనగా ఎర్ర దారం, అని పేరు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం రాజధాని పెరిగింది. కాలనీల కోసం, కార్యాలయాల కోసం, విద్యాలయాల కోసం గ్రామాల పొలాలను ప్రభుత్వం సేకరించింది. ఎర్రగీత లోపలి ఇళ్ళు మాత్రం ఊరివారికే మిగిలాయి. 1963లో ఆ గీత లోపలి కట్టడాలకు భవన నిర్మాణ నిబంధనల నుండి మినహాయింపు కూడా లభించింది. దున్నుకొనేందుకు నేల లేదు. కట్టుకొనేందుకు అడ్డు లేదు. అటువంటప్పుడు ఊరివారు చేయగలిగింది ఒక్కటే. పశువుల కొట్టం ఉన్నచోట గది కట్టారు. గదిమీద గది వేశారు. గోధుమ పండించిన కుటుంబాలు అద్దెలు పండించుకోవలసి వచ్చింది.

అందుచేత బేర్ సరాయ్‌లో గది అద్దెకు తీసుకొనడమంటే, పొలం పోగొట్టుకొన్న ఒక కుటుంబమూ, ఊరు విడిచి వచ్చిన మరొక కుటుంబమూ ఒక గుమ్మం దగ్గర ఎదురుపడడం. ఒకరి భాష మరొకరికి సరిగా రాదు. ఒకరి పూర్వోత్తరాలు మరొకరికి తెలియవు. ఇద్దరి నడుమా నమ్మకానికి బదులుగా నిలబడేది కొంత రొక్కం.

2003 జూలై నెలలో బాపట్ల సమీపంలోని ఒక పల్లె నుండి ఒక అమ్మాయి అలాగే వచ్చింది. ఆంగ్ల సాహిత్యంలో బి.ఏ. పూర్తిచేసి, పై చదువుకు ఢిల్లీలో సీటు సంపాదించుకొన్నది. హాస్టలులో చోటు దొరకడానికి కొన్ని నెలలు పడుతుందని తెలిసి, ఈలోగా గది వెదుక్కొన్నది. తండ్రి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ప్రావిడెంట్ ఫండు నుండి పదివేల రూపాయలు అప్పు తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆ అప్పు నెలనెలా జీతంలోంచి విరిగిపోతూ ఉంటుంది. ఇంట్లో ఇంకొక ఆడపిల్ల ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఆ పదివేలలో ఏ భాగం తిరిగి వచ్చినా అది చిన్నమ్మాయి కాలేజీ ఫీజుకని ముందుగానే అనుకొన్నారు.

గది చూసిన రోజు సాయంత్రం ఆమె ఎస్.టి.డి. బూతు నుండి తండ్రికి ఫోను చేసింది.

“అడ్వాన్సు ఎంతన్నారమ్మా?” అని ఆయన అడిగాడు.

“ఒక నెల అద్దే నాన్నగారూ.”

ఆయన ఎంతో సంతోషించాడు. మన జిల్లాల్లో అడ్వాన్సు అంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగి చేతికి వచ్చే సొమ్ము. ఢిల్లీలో ఆ మాటకు అర్థం వేరని మరునాడు బ్రోకరు వివరించాడు. అక్కడ ‘అడ్వాన్స్’ అంటే నెల మొదట్లోనే చెల్లించే అద్దె. అది ఆ నెలతోనే ఖర్చయిపోతుంది. తిరిగి వచ్చేదానిని ‘సెక్యూరిటీ’ అంటారు. అది రెండు నెలల అద్దె. అద్దె 2,400 రూపాయలు. సెక్యూరిటీ 4,800. బ్రోకరుకు సగం నెల అద్దె 1,200. మొత్తం 8,400 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చిన తరువాత ఆమె దగ్గర మిగిలినది 1,600.

తెలుగులో ఈ సొమ్ముకు ‘ధరావతు’ అనే మంచి మాట ఒకటి ఉన్నది. కాని మనకది ఎన్నికల వార్తల్లోనే వినబడుతుంది. అదీ ఎవరో ఒకరు కోల్పోయినప్పుడే. హిందీ పత్రికలు కూడా అభ్యర్థి ‘జమానత్’ జప్తు అయిందని రాస్తాయి. రెండు భాషల్లోనూ సామాన్యుడు ఆ మాటను పోగొట్టుకొనడంతో కలిపే నేర్చుకొన్నాడు.

తండ్రి మరునాటి ఫోనులో నిట్టూర్చలేదు. ఒక్క సలహా మాత్రం చెప్పాడు. బదిలీల ఉద్యోగంలో పదకొండు ఇళ్ళు మారిన అనుభవం ఆయనది. “గదిలో సామాను సర్దుకొనక ముందే గోడలకు ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టమ్మా. ఏది విరిగి ఉన్నదో, ఏది పగిలి ఉన్నదో అన్నీ నాకు ఉత్తరం రాయి” అన్నాడు.

ఆమె అలాగే ఇన్‌లాండు ఉత్తరం రాసింది. గోడలకు పధ్నాలుగు మేకులు. కిటికీ రెక్కలో కుడివైపు అద్దం మూలగా చిట్లి ఉన్నది. తలుపు గడియ పూర్తిగా పడదు. మెట్లవైపు గోడ మోకాటి ఎత్తువరకూ చెమ్మ పట్టి, సున్నం పొక్కులు లేచింది. పంకా తిరుగుతుంది గాని రెండో నంబరుమీదనే. ఈ జాబితా అయిన తరువాత ఇంకా జాగా మిగలడంతో, ఇంటి యజమానురాలిని గురించి నాలుగు వాక్యాలు రాసి, అంటించి, తపాలా పెట్టెలో వేసింది.

ఇంటి యజమానురాలు అరవై దాటిన వితంతువు. అద్దెకున్న పిల్లలందరూ ఆమెను ‘మాతాజీ’ అని పిలిచేవారు. ఆమె వారిని ‘బేటా’, ‘బేటీ’ అనేది. కోపం వస్తే ఏ పేరుతోనైనా పిలిచేది. రాత్రి పది గంటలకు గేటు మూత. గదిలో మాంసం వండరాదు. బంధువులు వస్తే ముందు చెప్పాలి. నీళ్ళ మోటారు ఉదయం అరగంట, సాయంత్రం అరగంట. కరెంటుకు ప్రతి గదికీ చిన్న మీటరు. యూనిటుకు 5 రూపాయలు. ఆమెకు చదువు రాదు. నెలాఖరున మనుమడు మీటరు అంకెలు చూసి చెబితే, ఆమె వాటిని మనసులోనే కూడుకొనేది. లెక్క తప్పిన సందర్భం ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఆరు నెలలు గడిచాయి. 2004 జనవరి మొదటి వారంలో హాస్టలులో చోటు దొరికినట్లు ప్రకటన వచ్చింది. 10వ తేదీన ఆ అమ్మాయి మాతాజీ దగ్గరకు వెళ్ళి, నెలాఖరున గది ఖాళీ చేస్తానని చెప్పింది. హాస్టలు మెస్సుకు కొంత సొమ్ము ముందుగా కట్టాలి. మిగిలినది ఇంటికి పంపాలి. రెండూ ఆ 4,800 మీదనే ఆధారపడి ఉన్నాయి.

మాతాజీ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. నెల రోజుల ముందు చెప్పలేదు గనుక ఒక నెల అద్దె 2,400. గోడలకు సున్నం వేయించాలి, 800. కిటికీ అద్దానికీ తలుపు గడియకూ కలిపి 300. కరెంటు 350. తీసివేతలన్నీ పోను వచ్చేది 950 రూపాయలు.

ఆ అమ్మాయికి కళ్ళవెంట నీళ్ళు తిరిగాయి. చిట్లిన అద్దం తాను రాకముందు నుండీ ఉన్నదని చెప్పింది. “అందరూ అదే చెబుతారు” అన్నది మాతాజీ.

అదే సందులో న్యాయశాస్త్రం చదువుతున్న ఓరుగల్లు విద్యార్థి ఒకడు ఉండేవాడు. తెలుగు పిల్లలందరికీ అతడు ‘అన్నయ్య’. విషయం విని అతడు పుస్తకం తెరిచాడు. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం, నెలకు 3,500 రూపాయలకు మించని అద్దెలకు వర్తిస్తుంది. దాని ఐదవ సెక్షను ప్రకారం యజమాని అద్దెకు అదనంగా ఏ రూపంలోనూ సొమ్ము పుచ్చుకోరాదు. కంట్రోలరు ముందస్తు అనుమతి లేనిదే ఒక నెలకు మించిన అద్దెను ముందుగా తీసుకోరాదు. అద్దెకు రసీదు ఇవ్వాలి. నీరు, విద్యుత్తు వంటి వసతులను అకారణంగా నిలిపివేయరాదు. ఇక నోటీసు సంగతి. రాతపూర్వకమైన ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలు. ఆమె ఇరవై ఒక్క రోజుల ముందే చెప్పింది.

“చట్టమంతా నీవైపే ఉన్నది చెల్లీ. తీస్ హజారీ కోర్టుకు వెళ్తే గెలుస్తావు. ఎప్పుడు గెలుస్తావని మాత్రం నన్నడగకు” అన్నాడు అన్నయ్య.

చట్టం పుస్తకంలో ఉండి, ఆచారం వీధిలో ఉండడం బేర్ సరాయ్‌కు మాత్రమే పరిమితమైన విషయం కాదు. ఏడాదికి మించిన లీజు పత్రాలను రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతున్నది. అందుకనే దేశమంతటా ఒప్పందాలు పదకొండు నెలలకు రాసుకొంటారు. ఢిల్లీ అద్దెల చట్టాన్ని సమూలంగా మార్చేందుకు 1995లో పార్లమెంటు మరొక చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదం కూడా లభించింది. కాని వ్యాపారుల నుండి వచ్చిన తీవ్ర ప్రతిఘటన కారణంగా అది అమలులోకి రానే లేదు. పాత చట్టం కింద ఉన్న అద్దెదారు సులభంగా కదలడు. కొత్తగా వచ్చే అద్దెదారుకు రక్షణ సులభంగా అందదు. ఈ రెండింటి మధ్య యజమానులు సెక్యూరిటీ సొమ్మునే తమ రక్షణగా ఎంచుకొన్నారు.

ఆ రాత్రి అమ్మాయి తండ్రికి ఫోను చేసి, సెక్షన్లన్నీ ఏకరువు పెట్టింది. ఆయన అంతా విని, “ఆ చట్టాన్ని ఇంకా బయటకు తీయకమ్మా. అది తీసిన తరువాత ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉన్నది. పంపుతున్నాను” అన్నాడు. ఐదు రోజుల తరువాత రిజిస్టరు పోస్టులో ఆ ఇన్‌లాండు వచ్చింది. దానిమీద 2003 జూలై నాటి తపాలా ముద్ర స్పష్టంగా ఉన్నది.

ఆమె దానిని తీసుకొని మధ్యాహ్నంవేళ కిందికి దిగింది. మాతాజీ ముంగిట్లో ఎండకు నులకమంచం వేసుకొని బఠాణీలు ఒలుస్తున్నది. కోడలు పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుతున్నది. స్కూలు నుండి వచ్చిన మనుమడికి ఉత్తరంమీది ముద్ర చూపించి, తేదీ చదవమన్నది అమ్మాయి. వాడు ముద్రను వెలుతురుకు పట్టుకొని, నెలా సంవత్సరమూ పైకి చదివాడు.

“ఇందులో ఏముంది?” అన్నది మాతాజీ.

“మా నాన్నగారికి నేను రాసిన ఉత్తరం. చదువుతాను, వినండి.”

ఉత్తరం తెలుగులో ఉన్నది. ఆమె ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చదువుతూ, వెంటనే హిందీలో చెప్పింది. పధ్నాలుగు మేకులు, చిట్లిన అద్దం, పడని గడియ, చెమ్మ పట్టిన గోడ, రెండో నంబరుమీద తిరిగే పంకా. మాతాజీ చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. జాబితా పూర్తయింది. తరువాత మిగిలినవి ఆ నాలుగు వాక్యాలు. ఆ అమ్మాయి అక్కడ ఆగింది.

ఆ వాక్యాలు ఇవి: ‘ఇంటావిడ నోరు పెద్దది. పొద్దున్నే ఎవరినో ఒకరిని తిట్టనిదే పొయ్యి వెలిగించదు. కాని మొన్న రాత్రి కరెంటు పోయి సందంతా చీకటైతే, నేను వచ్చేదాకా లాంతరు పట్టుకొని గుమ్మంలో నిలబడింది. మన డబ్బు ఆమె దగ్గర భద్రంగానే ఉంటుంది, మీరు దిగులు పడకండి.’

మొదటి రెండు వాక్యాలను దాటవేస్తే అడిగేవారెవరూ లేరు. అక్కడ తెలుగు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కాని ఉత్తరంలో తనకు అనుకూలమైనవే చదివి తక్కినవి మింగివేస్తే, మేకుల లెక్క కూడా అబద్ధమని అనుకొనే హక్కు ఎదుటి మనిషికి వస్తుంది. ఆమెకు ఆ క్షణంలో అది స్పష్టంగా తోచింది. తల వంచుకొని నాలుగు వాక్యాలనూ ఉన్నవి ఉన్నట్లుగా హిందీలో చెప్పింది.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది. మనుమడు పకపకా నవ్వాడు. మాతాజీ నవ్వలేదు, కోప్పడలేదు. “చివరి మాట మళ్ళీ చెప్పు” అన్నది.

ఆమె మళ్ళీ చెప్పింది. మన డబ్బు ఆమె దగ్గర భద్రంగానే ఉంటుంది.

మాతాజీ లేచి, మోకాళ్ళు పట్టుకొని మెల్లగా రెండంతస్తులు ఎక్కింది. గదిలో నిలబడి గోడలమీది మేకులు ఒక్కొక్కటీ వేలితో చూపుతూ లెక్కపెట్టింది. పధ్నాలుగే ఉన్నాయి. ఆరు నెలల్లో ఆ అమ్మాయి ఒక్క మేకైనా కొత్తగా కొట్టలేదు.

అప్పుడు మాతాజీ అసలు సంగతి చెప్పింది. ఆ 4,800 రూపాయలు ఇప్పుడు ఆమె దగ్గర లేవు. వచ్చిన నెలలోనే సగం మనుమడి బడి ఫీజుకు, సగం మేడమీది నీళ్ళ తొట్టి మరమ్మతుకు అయిపోయాయి. కొత్తగా వచ్చేవారు సెక్యూరిటీ ఇస్తేగాని, పోయేవారికి తిరిగి ఇవ్వడానికి ఉండదు. అందుకే పోయేవారి దగ్గర ఎంత తగ్గించగలిగితే అంత తగ్గిస్తుంది. అంతకు రెండేళ్ళ ముందు ఇదే గదిలో ఉన్న ఒక కుర్రవాడు మూడు నెలల కరెంటు డబ్బు ఎగవేసి, తెల్లవారకముందే పెట్టె సర్దుకొని పోయాడు. అప్పటి నుండి ఆమెకు ప్రతి పెట్టెమీదా అనుమానమే. తాను పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పుడు ఇంటివెనుక పొలం ఉండేదని, ఏటా గింజలు ఇంటికి వచ్చేవని, ఇప్పుడు ఉప్పు నుండి పప్పు వరకు అన్నీ అద్దెలతోనే కొనాలని చెప్పింది. కోపంతో కాదు, లెక్క చెబుతున్నట్లే చెప్పింది.

ఆ అమ్మాయి కూడా తన వైపు నుండి ఒక మాట ఒప్పుకొన్నది. కిరోసిను స్టౌ పొగకు ఒక గోడ నల్లబడిన సంగతి నిజమే. సున్నానికి 250, కరెంటుకు 350, మొత్తం 600 రూపాయలు పోను 4,200 తిరిగి ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. చట్టం పుస్తకం తెరవవలసిన అవసరం కలగలేదు. అయితే ఆ పుస్తకం ఒకటి ఉన్నదని తెలియడం వలననే ఆమె గొంతు వణకకుండా మాట్లాడగలిగిందని చెప్పక తప్పదు.

ఖాళీ చేసిన రోజున 2,000 చేతికి వచ్చాయి. మెస్సుకు కట్టవలసిన సొమ్ము వాటితో తీరింది. ఫిబ్రవరి మధ్యలో కొత్త అద్దెదారు చేరినప్పుడు 1,200, హోలీ ముందర మిగిలిన 1,000. మూడు వాయిదాలకూ ఆమె మూడుసార్లు బేర్ సరాయ్ సందులోకి నడిచింది. రెండవసారి వెళ్ళినప్పుడు మాతాజీ డబ్బిచ్చే ముందు ఒక పని అప్పగించింది. కొత్తగా చేరిన కుర్రవాడిని పిలిపించి, గదిలో ఉన్నవన్నీ హిందీలో ఒక కాగితంమీద రాయించింది. కింద ఆ కుర్రవాడు సంతకం చేశాడు. మాతాజీ వేలిముద్ర వేసింది. పధ్నాలుగు మేకులూ ఆ కాగితంలోకి ఎక్కాయి. ఆ జాబితా అద్దెదారుకు ఎంత రక్షణో తనకూ అంతే రక్షణ అని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

పెద్దపెద్ద ప్రభుత్వాలు చట్టాలు చేసి సాధించదలచినది కూడా దాదాపు ఇదే. యజమాని ధరావతును సొంతానికి వాడుకోవడమే తగవులకు మూలమని గ్రహించి ఇంగ్లండులో 2007 ఏప్రిల్ 6 నుండి ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. అద్దెదారు ఇచ్చిన సొమ్మును ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో నమోదు చేయాలి. ఇప్పుడు అందుకు గడువు ముప్పై రోజులు. చేయని యజమానిపై కోర్టు ఆ సొమ్ముకు మూడింతల వరకు జరిమానా వేయగలదు. ఏటా 50,000 పౌండ్లకు లోపు అద్దె ఉన్న ఇళ్ళకు ఐదు వారాల అద్దెకు మించి ధరావతు అడగరాదని 2019లో మరో చట్టం వచ్చింది. జర్మనీలో మూడు నెలల అద్దె గరిష్ఠం. దానిని మూడు వాయిదాల్లో చెల్లించే హక్కు అద్దెదారుకు ఉన్నది.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. న్యూయార్కు రాష్ట్రం 2019లో ఒక నెల అద్దెను పరిమితిగా పెట్టింది. ఖాళీ చేసిన పధ్నాలుగు రోజుల్లోగా తీసివేతల జాబితాతో సహా మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సాసులో అటువంటి పరిమితి లేదు. ముప్పై రోజుల గడువు ఉన్నది గాని, అద్దెదారు తన కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చేవరకు సొమ్ము తిరిగి ఇచ్చే బాధ్యత యజమానిపై పడదు. చదువు ముగించి ఉద్యోగానికి మరో రాష్ట్రం పరుగెత్తే మన పిల్లలు ఆ ఒక్క ఉత్తరం రాయడం మరచిపోతే, వందల డాలర్లకోసం నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు.

మన దేశంలో 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆదర్శ అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి ధరావతు తీసుకోరాదని, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అందులో ఉన్నది. ఇది రాష్ట్రాలకు ఒక నమూనా మాత్రమే. వారు స్వీకరించి తమ చట్టంగా చేసుకొన్నప్పుడే దానికి బలం. బెంగుళూరులో పది నెలల అద్దెను ధరావతుగా అడిగే ఆచారానికి అలవాటుపడిన కుటుంబాలకు రెండు నెలల పరిమితి ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

కాని ఏ చట్టమైనా ఒక ప్రశ్న దగ్గర ఆగక తప్పదు. గది మొదట ఎలా ఉన్నది? దానికి సమాధానం ఎవరో ఒకరు రాసి ఉంచాలి. ఇప్పుడు ఆ పని తేలిక. చేతిలోని ఫోనుతో గోడలను, కుళాయిలను, మీటరు అంకెలను ఫొటోలు తీసి, చేరిన రోజునే యజమానికి ఒక ప్రతి పంపితే సరిపోతుంది. అలా పంపడం అమర్యాద అని మనవారిలో కొందరు సంకోచిస్తారు. ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజునే అనుమానం చూపినట్లు అవుతుందేమో అంటారు. నిజానికి మొదటి రోజున ఇద్దరూ స్నేహంగానే ఉంటారు. కాగితం రాసుకొనేందుకు అదే అనువైన సమయం. చివరి రోజున రాయబోతే ఒకరి కలం మీద మరొకరికి నమ్మకం ఉండదు.

ఢిల్లీకి బిడ్డలను పంపే తల్లిదండ్రులు ఇవాళ్టికీ రైలు ఎక్కించేముందు పచ్చడి సీసాలు, కందిపొడి, కొత్త దుప్పటి సర్దుతారు. అద్దెమాట వచ్చినప్పుడు ‘ఇంటివారు మంచివాళ్ళేనా?’ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. దానికి జవాబు తెలియడానికి ఆరు నెలలు పడుతుంది. దానితోపాటు మరి మూడు ప్రశ్నలు అడగడం మంచిది. తిరిగి వచ్చే సొమ్ము ఎంత? ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి? కరెంటు యూనిటు ఎంత? వీటికి జవాబు ఆ పూటే దొరుకుతుంది. ఒక కాగితంమీద రాసి ఇద్దరూ సంతకం చేయడానికి పది నిమిషాలు చాలు.

బాపట్ల దగ్గరి ఆ ఉపాధ్యాయుడికి హోలీ తరువాతి వారంలో 2,200 రూపాయల మనియార్డరు అందింది. ఆయన దానిని చిన్నమ్మాయి ఫీజు కోసం పోస్టాఫీసు పొదుపు ఖాతాలో జమచేశాడు. కూతురు తిప్పి పంపిన ఇన్‌లాండు ఉత్తరాన్ని మాత్రం, అంతకు ముందు ఉన్నచోటనే, తన బదిలీ ఉత్తర్వుల కట్టలో మళ్ళీ పెట్టుకొన్నాడు.